తోడు చుక్క తరిగిన పళ్లెం

కార్తీక మాసపు రాత్రి రోహిణి ఎర్రగా పైకొచ్చాక దాని పక్కన రెండు మూడు నిండు చందమామలు పట్టేంత ఎడంలో జీజీ టౌ అనే చుక్క ఉంటుంది. కంటికి ఆనదు. రోహిణి మనకు 65 కాంతి సంవత్సరాల దూరం, ఇది 450కి పైమాటే. వాటి ఇరుగుపొరుగుతనం మన చూపులో తప్ప ఆకాశంలో లేదు. జీజీ టౌ వయసు కొన్ని పదుల లక్షల ఏళ్లు, అంటే నక్షత్రాల లెక్కలో పురిటిగుడ్డు.

ఆ చుక్క నిజానికి జంట. ఆ ఇద్దరిలో ఒకరు మళ్లీ జంటేనని తర్వాత తేలింది, ఆ సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని ఒక 'బార' అనుకుంటే, ఈ జంట మధ్య సుమారు 35 బారల ఎడం కనిపిస్తుంది. వాటి చుట్టూ 180 నుంచి 260 బారల దాకా దట్టమైన వాయువు, ధూళి వలయం. నడుమ చాలామటుకు ఖాళీ. ఆ ఖాళీ మీదుగా సన్నటి వాయుధార ఒకటి లోపలికి జారుతున్నట్టు చిలీలోని ఆల్మా దుర్భిణి చూపించింది.

గ్రహాలు పుట్టేది పసి నక్షత్రం చుట్టూ తిరిగే ధూళి పళ్లెంలోనే. పక్కన తోడు చుక్క ఉంటే ఆ పళ్లేనికి రెండు వైపులా కోతే. ఒక్కో నక్షత్రానికీ ఉన్న సొంత పళ్లెం కన్నా బయట తిరిగే తోడు నెమ్మదిగా నడుస్తుంది. అందుకే పళ్లెం అంచులోని ధూళిని వెనక్కి లాగుతూ ఉంటుంది. తిరిగే ఊపు తగ్గిన ధూళి లోపలికి పడుతుంది. సమానమైన జంటయితే పళ్లెం మిగిలేది వాటి మధ్య దూరంలో సుమారు మూడో వంతు వరకే. ఇద్దరినీ చుట్టిన పెద్ద వలయం సంగతి తిరగబడుతుంది: అక్కడ వేగంగా తిరిగేది జంట, దాని తోపుడుకి వలయం బయటికి జరుగుతుంది.

నన్నడిగితే స్థలం కన్నా పెద్ద నష్టం కాలం. పళ్లెంలోని వాయువు ధూళికన్నా కాస్త నిదానంగా తిరుగుతుంది కాబట్టి గులకరాళ్లకు ఎప్పుడూ ఎదురుగాలే, అవి లోపలికి జారుతూనే ఉంటాయి. అంచు తెగిన పళ్లెంలో వాటి స్థానంలోకి వచ్చే సరుకు బయట ఉండదు. వృషభ రాశిలోని పసి నక్షత్రాలను పరిశీలించి ఆడమ్ క్రౌస్ బృందం 2012లో చెప్పిన లెక్క ఇది: 40 బారల లోపు జంటల్లో మూడింట రెండొంతులు పది లక్షల ఏళ్లలోనే పళ్లేన్ని పోగొట్టుకుంటాయి. ఒంటరివాటిలో 80, 90 శాతం ఇరవై ముప్పై లక్షల ఏళ్ల దాకా నిలుపుకుంటాయి. గురుడిలాంటి గ్రహం వాయువును పోగుచేసుకోవాలంటే ఆ గడువే ప్రాణం. 2016లో అదే క్రౌస్ కెప్లర్ అంతరిక్ష దుర్భిణి పట్టిన గ్రహాల లెక్క తీశాడు. సుమారు 47 బారలకన్నా దగ్గరి జంటల్లో గ్రహాలు మామూలులో మూడో వంతే.

సూర్యుడిలాంటి నక్షత్రాల్లో సగానికి కాస్త తక్కువ తోడు ఉన్నవే. అందుకే 2011లో కెప్లర్-16 అనే జంట చుట్టూ గ్రహం దొరికినప్పుడు 'ఇద్దరు సూర్యుల లోకం' అంటూ మా పత్రికలవాళ్లం మురిసిపోయిన తీరు నాకిప్పుడు నచ్చదు. ఆ జంట ఎడం బారలో నాలుగో వంతైనా లేదు. అంత దగ్గరైతే పళ్లెం ఇద్దరినీ కలిపి చుట్టేసి హాయిగా బతుకుతుంది. వందల బారల దూరమైతే ఎవరి పళ్లెం వారిది. చిక్కంతా నడిమి దూరంలోనే. ఆ దూరం చెప్పకుండా జంటలకు గ్రహాలు ఉంటాయనడం, ఉండవనడం రెండూ సగం వార్తలే.

మొండివాళ్లు అక్కడా ఉన్నారు. గామా సెఫీ అనే నక్షత్రానికి ఇరవై బారల దూరంలో ఎర్రటి చిన్న తోడు ఉంది. లెక్క ప్రకారం పళ్లెం మహా అయితే నాలుగైదు బారలు మిగలాలి. అయినా రెండు బారల దగ్గర గురుడికన్నా బరువైన గ్రహం తిరుగుతోంది. 1988లోనే కెనడా శాస్త్రవేత్తలు క్యాంప్‌బెల్, వాకర్, యాంగ్ దాని జాడ పట్టారు. 1992లో అది నక్షత్రం సొంత మార్పే కావచ్చని ఆ మాట వెనక్కి తీసుకున్నారు. 2003లో గ్రహం నిజమేనని రుజువైంది. ఈలోగా 1995లో 51 పెగాసి అనే ఒంటరి నక్షత్రపు గ్రహం సూర్యుడిలాంటి చుక్కల్లో మొదటిదిగా పుస్తకాల్లోకి ఎక్కేసింది.