తీరప్రాంత తాగునీరు: క్లోరిన్ లెక్కలో కనిపించని బ్రోమైడ్

తాగునీటి శుద్ధిలో క్లోరిన్‌కు దీటైన చౌక ప్రత్యామ్నాయం నేటికీ లేదు. కుళాయి వద్ద లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల అవశేష క్లోరిన్ ఉండాలన్న ఐఎస్ 10500 ప్రమాణం అందుకే. అయితే సముద్రపు నీరు భూగర్భంలోకి చొచ్చుకొస్తున్న చెన్నై ఉత్తర శివార్లలోని మింజూరు, సౌరాష్ట్ర తీరం, కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఈ ఒక్క కొలత చాలదు.

నీటిలో క్లోరిన్ కలిసినప్పుడు ఏర్పడే హైపోక్లోరస్ ఆమ్లం క్రిములను చంపుతుంది. నీటిలో బ్రోమైడ్ ఉంటే దానిని హైపోబ్రోమస్ ఆమ్లంగానూ మారుస్తుంది. ఆకులు, నాచు కుళ్లగా మిగిలే సేంద్రియ పదార్థంతో ఈ రెండో ఆమ్లం మరింత వేగంగా చర్య జరిపి, బ్రోమోఫాం వంటి ట్రైహాలోమీథేన్లకు దారితీస్తుంది. క్లోరినేషన్‌తో ఇవి ఏర్పడతాయని 1974లో నెదర్లాండ్స్‌కు చెందిన యోహానెస్ రూక్ వెల్లడించారు. మన ప్రమాణంలో బ్రోమోఫాం పరిమితి లీటరుకు 0.1, బ్రోమోడైక్లోరోమీథేన్‌ పరిమితి 0.06 మిల్లీగ్రాములు. బ్రోమైడ్‌కు మాత్రం పరిమితే లేదు.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19,400 మిల్లీగ్రాముల క్లోరైడ్, 67 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటాయి. ఆ నిష్పత్తిలో చూస్తే, ఉప్పదనమంతా సముద్రం నుంచే వచ్చిన బోరులో క్లోరైడ్ ఆమోదయోగ్య పరిమితి 250 మిల్లీగ్రాములకు చేరేసరికి బ్రోమైడ్ దాదాపు 0.86 మిల్లీగ్రాములు ఉంటుంది. నాలుకకు ఉప్పదనం పెద్దగా తెలియని నీరు అది. పైగా బ్రోమిన్ పరమాణువు క్లోరిన్ కంటే రెట్టింపునకు పైగా బరువైనది కనుక, బరువులో కొలిచే పరిమితిని ఈ ఉపఉత్పన్నాలు త్వరగా దాటుతాయి.

దీనిని సాకుగా చూపి క్లోరిన్ తగ్గించడం ప్రమాదకరం. అతిసారం, కలరా ముప్పు తక్షణమైనది; ఉపఉత్పన్నాల ముప్పు ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. సరిదిద్దవలసింది శుద్ధి క్రమాన్ని. పటికతోనూ ఇసుక వడపోతతోనూ బ్రోమైడ్ తొలగదు. సేంద్రియ పదార్థం మాత్రం గణనీయంగా తగ్గుతుంది. కాబట్టి క్లోరిన్ ఆ తర్వాతే కలపాలి. కాలువ నీటితో నిండే చెరువులోనో, ఓవర్‌హెడ్ ట్యాంకులోనో నేరుగా బ్లీచింగ్ పౌడర్ చల్లే అలవాటు దీనికి సరిగ్గా వ్యతిరేకం.

ట్రైహాలోమీథేన్ల పరీక్షకు గ్యాస్ క్రొమటోగ్రాఫ్ కావాలి. గ్రామాల్లో వాడే పరీక్ష కిట్లతో అది సాధ్యం కాదు. క్లోరైడ్‌ను మాత్రం అవి చూపగలవు. తీర జిల్లాల్లో ఏటికేడు క్లోరైడ్ పెరుగుతున్న బోర్ల నమూనాలనైనా వేసవి ముగిసేలోగా రాష్ట్ర ప్రయోగశాలలకు పంపే ఏర్పాటును జల్ జీవన్ మిషన్ పరిధిలోనే చేయవచ్చు.