ఊరు పెట్టిన పెట్టుబడి

కోనసీమవాళ్లకి సినిమా షూటింగంటే కొత్తేం కాదు. కొబ్బరి తోట, కాలువ గట్టు, పెంకుటిల్లు, పంటు మీద ఓ పాట. హైదరాబాద్ నుంచి నాలుగు బస్సులు, రెండు కేరవాన్లు దిగుతాయి. పదిరోజులు సందడే సందడి. ఆర్నెల్లకి సినిమా వస్తుంది. మన ఊరెక్కడుందా అని కళ్లు చించుకుని చూస్తే, హీరోగారి భుజం వెనకాల అరక్షణం మన రావిచెట్టు కనిపిస్తుంది. మనుషులు కనబడరు. కనబడ్డా ‘ఆయ్’ అని ఓ నవ్వు పుట్టించి పక్కకి తప్పుకుంటారు. మన యాస వాళ్లకి కామెడీ ట్రాకు మరి!

ఇప్పుడు కెమెరా ఊళ్లోనే ఉంది. కాలేజీ కుర్రాళ్ల జేబుల్లోనే ఉంది. షార్ట్ ఫిల్ములు తీసి చెయ్యి తిరిగాక, ‘ఊరివాళ్లతోనే రెండు గంటల సినిమా తీద్దాం, భోజనాలూ ఇళ్లూ ఊరే చూసుకుంటుంది’ అనుకునే బృందాలు ఎక్కడికక్కడ తయారవుతున్నాయి. సంతోషమే. కాకపోతే ‘ఊరి సాయం’ అన్న మాటని చాలామంది ‘ఉచితం’ అని చదువుకుంటున్నారు. పేచీ అక్కడే వస్తోంది.

ఊరు డబ్బు పెడితే ఏమవుతుందో 1976లోనే గుజరాత్ పాడి రైతులు చూపించారు. అయిదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకుంటే శ్యాం బెనెగల్ ‘మంథన్’ తీశారు. సినిమా విడుదలయ్యాక ఆ రైతులే లారీలెక్కి థియేటర్లకి వచ్చారు, తమ సినిమా తాము చూసుకోవడానికి. రెండు రూపాయలిచ్చినవాడు నిర్మాత, టికెట్టు కొన్నవాడు ప్రేక్షకుడు. ఇద్దరూ ఒకడే. కేరళలో జాన్ అబ్రహాం ఇంకో అడుగు ముందుకేశాడు. ఆయనా, ఒడెస్సా బృందంవాళ్లూ ఊరూరా తిరిగి చాప్లిన్ సినిమా వేసి చూపించి, జనం ఇచ్చినంత పుచ్చుకుని, 1986లో ‘అమ్మ అరియాన్’ పూర్తిచేశారు. తీశాక మళ్లీ ఆ జనం దగ్గరికే పట్టుకెళ్లి చూపించారు.

తెలుగులో అయితే అందరికీ గుర్తొచ్చేది 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’. విశాఖలోని ఆ పేటలో ఉండేవాళ్లనే ఎనభై మందికి పైగా తీసుకుని దర్శకుడు వెంకటేశ్ మహా సినిమా నడిపించాడు. డబ్బు పెట్టిన పరుచూరి విజయ ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు. అందులో ఓ పాత్ర కూడా వేశారు. పేట పేరే సినిమా పేరైంది. వాళ్లెవరూ వెనకాల నిలబడ్డ గుంపు కాదు, కథంతా వాళ్లదే.

అంతకు చాలా ముందే కోనసీమ తలాపున ఉన్న పులిదిండిలో బాపు ‘సాక్షి’ తీశారు. 1967. ఆయనకదే మొదటి సినిమా. స్టూడియో సెట్లకి పోకుండా ఊరినే సెట్టు చేసుకున్నారు. చిత్రమేమిటంటే, అది ఊరంతా చెయ్యి వదిలేసిన ఓ బల్లకట్టు మనిషి కథ. తీసింది మాత్రం ఊరి నడిమధ్య కూర్చుని!

ఇక గౌతమి ఒడ్డున ఉన్న కపిలేశ్వరపురం సంగతి. ఈ ఊళ్లో విద్యార్థులు సినిమా తీస్తామంటే కథ కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇక్కడి జమీందారు కుటుంబం పూనికతో 1970ల్లో మొదలైన శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. 2024లో పద్మశ్రీ అందుకున్న హరికథా కళాకారిణి ఉమామహేశ్వరి గారు అక్కడ నేర్చుకున్నవారే. తెల్లారకుండా లేచి చిడతలు పట్టి సాధన చేసే ఆడపిల్ల, సెలవులకి ఇంటికెళ్తే ‘ఈ చదువుతో ఏం ఉద్యోగమొస్తుందే?’ అనే మేనత్త. ఇంతకంటే ఏం కావాలి? అయినా మనవాళ్లు రాసుకొచ్చే స్క్రిప్టులో అరటితోటలో ఓ హత్య, ఓ సస్పెండైన పోలీసు ఉంటారు. పోనీలెండి.

హరికథకి ఊరు పెట్టిన పెట్టుబడి లెక్క ఆ రాత్రే తేలిపోయేది. పందిరి ఊరిది, దీపం ఊరిది, దాసుగారి భోజనం ఊరిది. కథ రక్తి కట్టకపోతే జనం లేచిపోయేవారు. కట్టిందంటే హారతి పళ్లెం నిండేది. సినిమాకి ఆ సౌకర్యం లేదు. ఊరు ఈ ఏడాది ఇస్తుంది, ఫలితం పై ఏడాదికో, ఆపై ఏడాదికో. కొన్నిసార్లు ఎప్పటికీ రాదు. అందుకే దీన్ని సాయం అనడం కంటే అప్పు అనడం మేలు.

ఒక్క సీను తీసుకోండి. కొబ్బరి దింపు తీసే మనిషి చెట్టెక్కుతాడు. మొదటి టేకులో ఫోకస్ పోయింది. రెండోసారి గుళ్లో మైకు మోగింది. మూడోసారి పక్క చేలో మోటారు. నాలుగోసారికి ఎండ మారింది. ఊళ్లో తీసే సినిమాకి బొమ్మకంటే శబ్దమే పెద్ద చిక్కు. ఫోనుతో బొమ్మ బాగానే వస్తుంది, మాట వినబడకపోతే యాస ఎక్కడ దక్కుతుంది? సరే, మన దర్శకుడు పట్టుదలగలవాడు, ఆరు టేకులు తీశాడు. ఆ మనిషి ఆరుసార్లు చెట్టెక్కి దిగాడు. ఆ పూట అతని కూలి ఎవరిస్తారు? ‘సినిమాలో కనబడతావు కదా బాబాయ్’ అంటే సరిపోతుందా?

ఇంకోటి. ఓ పెద్దావిడ కెమెరా ముందు కోడల్ని తిడుతుంది. అద్భుతంగా తిడుతుంది. ఆ ముక్క కత్తిరించి ఎవడో ఫోన్లలో తిప్పుతాడు, ఊరంతా నవ్వుతుంది. ఆవిడకి ముందే చెప్పారా? చెప్పి ఒప్పించడం దర్శకుడి పనే. లైటింగ్ ఎంతో ఇదీ అంతే.

కాబట్టి క్లాపు కొట్టే ముందే ఓ కాగితం రాసుకోండి. ఎవరు ఇల్లిచ్చారు, ఎవరు బియ్యమిచ్చారు, ఎవరి పని ఎన్ని పూటలు పోయింది. ఓటీటీవాళ్లు కొంటే అందులో ఊరికెంత. ఎవరు కొంటారులే అనుకుంటాం కనకే ఆ చివరి ముక్క ఎవరూ రాయరు. కొన్నాక రాద్దామంటే స్నేహితులే మిగలరు. మన పిల్లల సెమిస్టర్ పరీక్షలూ, వరదలప్పటి గోదారీ చూసుకుని తేదీలు వేసుకోండి. సంక్రాంతికి మాత్రం షూటింగ్ పెట్టుకోవద్దు. కోడిపందేల హోరులో మీ మైకు ఏ మాటా పట్టదు.

సంక్రాంతిని మొదటి ఆటకి అట్టేపెట్టుకోండి. హైదరాబాద్ వాళ్లూ, బెంగళూరు వాళ్లూ అందరూ ఊళ్లోనే ఉంటారు. కనుమ నాటి రాత్రి గౌతమి గట్టు మీద రెండు వెదుళ్లు పాతి తెర కట్టండి. ఆ దింపు మనిషిని ముందు వరసలో కూర్చోబెట్టండి. తన సీను రాగానే అతనేమంటాడో దొరకాలంటే రికార్డరు ఆన్ చేసే ఉంచండి.