నల్లనయ్యకు నీలిరంగు

రాత్రి ఆటలో వేషగాడు నోరు విప్పకముందే జనం అతణ్ణి గుర్తుపట్టాలి. కాగడాల వెలుతురు ఏపాటిది? వెనక వరసలో గోనెపట్టా మీద కూర్చున్న ముసలమ్మకు కన్నూ ముక్కూ ఆనవు. ఆనేది రంగు ఒక్కటే. అంచేత మన పల్లె కళలలో మగవేషానికి ముఖం మీది రంగు సగం కథ తానే చెప్పేస్తుంది.

ఉదాహరణ కోసం మా దేవరుప్పుల మండలం పొలిమేర దాటనక్కరలేదు. అప్పిరెడ్డిపల్లెవాసి, చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ ప్రకటించారు. యాభై ఏళ్ళకు పైబడి, 19 వేలకు మించిన ప్రదర్శనలు! అన్నిసార్లూ ముఖానికి రంగు పూసుకోవడం, మళ్ళీ కడుక్కోవడం. పూర్వం మన వేషగాళ్ళు పచ్చని పూతకు వాడినది అర్దళం, ఎరుపుకు ఇంగిలీకం, మీసాలకూ కనుబొమలకూ కాటుక. అర్దళంలో ఉన్నది ఆర్సెనిక్, ఇంగిలీకంలో ఉన్నది పాదరసం. రెండూ ఒంటికి పడేవి కావు. మనం తెల్లవార్లూ రాజుగారి ఠీవి చూసి మురిసిపోతూంటే, ఆ రాజుగారు చెంపలకు విషం పూసుకొని నిలబడ్డారన్నమాట.

ఇక రంగుల సంగతి వివరంగా తెలియాలంటే చేర్యాల నకాషీల దగ్గరికి పోవాలి. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోది. 2016 దాకా అదీ మనమూ ఒక్క వరంగల్లు జిల్లాయే. ఖద్దరు గుడ్డకు గంజీ, సుద్దమట్టీ, చింతగింజల అంబలీ పట్టించి, ఆరబెట్టి, నేలంతా ఎర్రగా పూసి, దాని మీద కులపురాణాలు గీస్తారు. ఆ పటం విప్పుకుంటూ కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెప్పేవారు. పటంలో కట్టుబాటు ఏమంటే, దేవుడి ముఖం నీలం, దేవత ముఖం పసుపు, మామూలు మనిషికి గులాబీవన్నె లేక ఒంటిచాయ, రాక్షసుడికి గోధుమరంగో అంతకన్న ముదురుదో. కథ తెలియని పిల్లవాడు కూడా ఎవరు ఎవరో చెప్పేస్తాడు.

బాగానే ఉంది. కాని ఇక్కడే నాకొక చిక్కు తోస్తుంది. పోతన్నగారిది దగ్గరి బమ్మెరే కదా, ఆయన కృష్ణుణ్ణి ఏ మొహమాటమూ లేకుండా నల్లగానే వర్ణించాడు. భారతం తిరగవేయండి. వ్యాసుడి పేరే కృష్ణద్వైపాయనుడు. ద్రౌపది కృష్ణ. పేరులో తెలుపు పెట్టుకొన్న అర్జునుడికి కూడా పది పేర్లలో ఒకటి కృష్ణుడు. కవులకు నలుపంటే ఇంత ప్రీతి ఉండగా, చిత్రకారుడి చేతిలో నల్లని దేవుడు నీలంగా మారాడు, మిగిలిన ముదురురంగు రాక్షసులకు పోయింది. ఎర్రని నేల మీద నీలం ఎగిరి కనబడుతుంది గనుక నకాషీలు అలా ఎంచుకొన్నారేమో అని నా ఊహ. ఆ మటుకు వారిని తప్పు పట్టను. తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం, 1963 నాటి ‘లవకుశ’లో రాముడు కూడా నీలిచాయలోనే వచ్చాడు, ఎవరికీ వింతగా తోచలేదు.

చిక్కల్లా పటంలోని కట్టుబాటును మనం ఇంటికి తెచ్చుకోవడంలో ఉంది. మా వీధిలో ఒకావిడ మొన్న నన్ను ఆపి, “ప్రతిసారి మా పిలగానికి రాక్షసుని వేషమే ఎందుకిస్తరు సార్? వాడు నల్లగున్నడనే గదా?” అని అడిగింది. వాడు చదివేది ఏ బడి అన్నది అలా ఉంచండి. అటువంటి బడులు ఊరికొకటి ఉన్నాయి. పిల్లవాడికి పాట వచ్చు, గొంతు ఉంది. అయినా కృష్ణాష్టమికి ఒక తెల్లని అబ్బాయిని పిలిచి, వాడికి పాపం ఒళ్ళంతా నీలం పులిమి, నల్లనివాణ్ణి చేస్తారు!

రంగుకు అర్థం పుట్టుకతో వచ్చేది కాదు, ఊరు ఊరంతా కలిసి ఒప్పుకొన్నది. జపానులో కబుకి అనే నాటకం ఉంది. అందులో తెల్లని పూత మీద ఎర్రచారలు దిద్దితే వాడు శూరుడు, ధర్మాత్ముడు. నీలిచారలు దిద్దితే దుర్మార్గుడు. మన దేవుడి రంగు అక్కడ దుష్టుడి పాలయింది! గోధుమరంగు మాత్రం అక్కడా భూతాలకే. ఆ దేశపు బొమ్మల కథలు ఇప్పుడు మన పిల్లలు సెల్లులో చూస్తున్నారు. ‘నరుటో’లో కథానాయకుడికి నారింజరంగు దుస్తులు, అతనితో పోటీపడే ససుకేకు మొదట నీలం చొక్కా. మా ఇంటి పిల్లలు ఆ చొక్కాలను బట్టే ఎవరు దుడుకువాడో ఎవరు ముభావిగా ఉంటాడో చెబుతారు. అక్కడ రంగు బట్టలకే అంటుకొని ఉంది గనుక ఎవరి ఒంటికీ నొప్పి లేదు.

నాకు అన్నిటికన్న నచ్చినది కథకళివారి పద్ధతి. రాముడు, నలుడు, అర్జునుడు వంటి ఉత్తములకు ముఖం ఆకుపచ్చ. దుశ్శాసనుడికి ఎర్రగడ్డం, హనుమంతుడికి తెల్లగడ్డం. మరి కీచకుడి సంగతి? గొప్ప ఇంట పుట్టినవాడు, బలశాలి, బుద్ధి మాత్రం వంకర. అతనికీ ఆకుపచ్చే పూస్తారు. కాకపోతే చెంపల మీద కత్తివాటుగా ఎరుపు దిద్ది, ముక్కు కొసన తెల్లని బుడిపె అంటిస్తారు. మంచి ఎంతవరకు, చెడ్డ ఎక్కడి నుంచి అన్నది ఒక్క ముఖం మీదే గీతలు గీసి చూపారు. వాళ్ళలోనూ అడవివాళ్ళకు నలుపు పూసే అలవాటు ఉంది, కాదనను.

ఆ ఇల్లాలికి నేను ఒక్క ఉపాయం చెప్పాను. “వచ్చే కృష్ణాష్టమికి బాబుకు పట్టుపంచె కట్టి, నెమలిపింఛం పెట్టి, చేతికి మురళి ఇచ్చి మీరే తీసుకుపోండి. నీలం డబ్బా కొనకండమ్మా, దండుగ. పోతన్నగారు వర్ణించిన రంగు వాడికి ఉండనే ఉంది.”