గృహవైద్యం: కామెర్లూ, నేల ఉసిరీ

మన హోసూరు, కృష్ణగిరి తెలుగిండ్లలో ఎవరికైనా కళ్ళు పచ్చబడితే ముందు వెదికేది నేల ఉసిరినే. పొరుగున తమిళులు దీన్ని కీళానెల్లి అంటారు, కన్నడిగులు నెలనెల్లి అంటారు. సమూలంగా పెరికి, కడిగి, నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున ఇవ్వడం పెద్దల వాడుక. మరి ఇది లోపల చేసే పని ఏమిటి?

హెపటైటిస్ బి వైరసును కనిపెట్టి 1976లో నోబెల్ బహుమానం పొందిన బ్లూంబర్గ్, మద్రాసులోని త్యాగరాజన్ ప్రభృతులతో కలసి ఈ మొక్కను పరీక్షించారు. 1988లో ఫలితాలు వెలువడ్డాయి. నెల రోజులు చూర్ణం తిన్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరసు గుర్తు కనిపించలేదు. ఉత్తుత్తి మందు తిన్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. లోకమంతా సంతోషించింది. కాని 1990లో థాయిలాండులో పరీక్షిస్తే ఆ గుణం కనబడలేదు.

అయితే మొక్కలో పసే లేదా? ఉన్నది. కాలేయాన్ని వంటిల్లు అనుకోండి. జన్యువులు అందులో వ్రాసిపెట్టిన వంట పద్ధతులు. వైరసు జొరబడి, వంటవానిచేత తన కాగితం చదివిస్తుంది. నేల ఉసిరి రసం ఆ చదువును అడ్డగిస్తుందని 1997లో ప్రయోగశాలలో పెంచిన కాలేయ కణాల్లో తేలింది. గాజుపాత్రలో జరిగింది ఒంట్లోనూ జరగాలని లేదు గదా!

చదువును అడ్డుకొనే మొక్కలున్నట్లే, అతిగా చదివించేవీ ఉన్నాయి. ఐరోపావారు దిగులుకు వాడే సెంట్ జాన్స్ వర్ట్ అనే మూలిక, మందులను విరిచే జన్యువును కాలేయంలో రేపుతుంది. గుండె మార్పిడి అయిన ఇద్దరు దాన్ని తినగా, వారి అసలు మందు రక్తంలో తగ్గిపోయి, ఒళ్ళు కొత్త గుండెను తిరస్కరించడం మొదలుపెట్టిందని 2000లో వైద్యులు ప్రకటించారు. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో బొంబాయి వైద్యులు వ్రాశారు.

ఇంకొక మాట. కలుషితమైన నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ పేరు ఆకుకు దక్కుతుంది. హెపటైటిస్ బి అట్లా కాదు. కళ్ళు తెల్లబడ్డా కొందరిలో ఏళ్ళతరబడి దాగి కాలేయాన్ని తినివేస్తుంది.

కాబట్టి తల్లులారా, కామెర్లు కనబడితే ముందు రక్తపరీక్ష చేయించండి. పసరు ఇస్తున్నట్లయితే ఆ సంగతి డాక్టరుగారితో దాచక చెప్పండి. ఆయన ఇచ్చిన మందు మానకండి. పుట్టిన బిడ్డకు 24 గంటల లోపల హెపటైటిస్ బి టీకా వేయించడం మరువకండి.