పెరట్లో గాడిపొయ్యి

ఎందుకు? ఎలాగ?

పిల్లలూ! "మా లాప్‌టాప్‌లో ఆట నత్తనడక నడుస్తున్నది. బయట ఒక గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తే పరుగెత్తుతుందట. నిజమేనా?" అని ఒక పాఠకుడు అడిగాడు. నిజమే. కాని అన్ని లాప్‌టాప్‌లూ ఒకే తీరున పరుగెత్తవు. కార్డూ, దాన్ని పెట్టే పెట్టే చవకవి కావు. అందుచేత నాన్నగారి చేత డబ్బు ఖర్చు పెట్టించే ముందు సంగతేమిటో తెలుసుకుందాం.

తెర మీద బొమ్మ కదిలినట్టు కనిపిస్తుందే గాని, నిజానికి కదలదు. సినిమాలో లాగే ఒకదాని వెనక ఒకటిగా బొమ్మలు మారుతూ ఉంటాయి. తెర మీద అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు ఉన్నాయనుకోండి. మొత్తం 20,73,600 చుక్కలు. సెకండుకు 60 బొమ్మలు మారాలంటే, ఆ ఒక్క సెకండులో 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు నిర్ణయించాలి! ఈ చాకిరీ చేసేది గ్రాఫిక్స్ కార్డు. ఆటలో ఎవడు ఎటు దూకాడో, ఏ వస్తువు ఎక్కడ ఉన్నదో లెక్కకట్టి, దానికి పని పురమాయించేది ప్రాసెసర్.

మరి లాప్‌టాప్‌లోనే పెద్ద కార్డు ఎందుకు పెట్టరు? వేడి మూలాన. ఎక్కువ పని చెయ్యటానికి ఎక్కువ కరెంటు కావాలి. ఆ కరెంటంతా చివరకు వేడిగా మారుతుంది. పలచటి పెట్టెలో ఉన్న చిన్న పంకాలు అంత వేడిని బయటికి తోలలేవు. ఎన్విడియా సంస్థ 2023లో ఆర్.టి.ఎక్స్. 4070 అనే పేరుతో రెండు రకాల కార్డులు తెచ్చింది. బల్ల మీది కంప్యూటరుకు చేసినది 200 వాట్లది. లాప్‌టాపుకు చేసినది 35 నుంచి 115 వాట్లది. పేరు ఒకటే అయినా బలం వేరు.

ఇప్పుడు ఒక పెళ్ళివారింటికి వెళదాం. వందలమందికి వండాలంటే వంటింటి పొయ్యి చాలదు. పెరట్లో గాడిపొయ్యి తవ్వి, గుండిగలు ఎక్కిస్తారు. బియ్యం, పప్పు, కూరలు మాత్రం ఇంట్లోనే ఉంటాయి. తాళాలగుత్తి దోపుకున్న పెద్దమ్మగారు వాటిని పెరటి గుమ్మం గుండా అందిస్తూ ఉంటుంది. బయటి గ్రాఫిక్స్ కార్డే ఆ గాడిపొయ్యి. పెద్దమ్మగారు ప్రాసెసర్. గుమ్మం, రెంటినీ కలిపే తీగ.

గుమ్మం ఇరుకైతే ఎంత పెద్ద పొయ్యి అయినా సామాను కోసం ఎదురుచూడవలసిందే. బల్ల మీది కంప్యూటరులో కార్డుకు 16 బాటలు ఉంటాయి. 2015లో వచ్చిన థండర్‌బోల్ట్ 3 తీగ సెకండుకు 4,000 కోట్ల బిట్లు మోయగలదు. అయినా అది కార్డుకు ఇచ్చే బాటలు నాలుగే. అందుచేత అదే కార్డు బయటి పెట్టెలో కొంత తక్కువ పని చేస్తుంది. 2023లో ప్రకటించిన థండర్‌బోల్ట్ 5 ఆ 4,000 కోట్లను 8,000 కోట్లు చేసింది.

మరో చిక్కు చూడండి. వంట పెరట్లో చేసి, వడ్డన ఇంట్లో పెడితే, గిన్నెలన్నీ మళ్ళీ ఆ గుమ్మంలోంచే రావాలి. మనం లాప్‌టాప్ తెర మీదనే ఆడితే జరిగేది ఇదే. చుక్కకు 24 బిట్ల చొప్పున, తయారైన బొమ్మలు సెకండుకు సుమారు 300 కోట్ల బిట్లుగా ఆ తీగలోనే వెనక్కు రావాలి. వేరే మానిటరును నేరుగా కార్డుకే తగిలిస్తే ఈ బరువు తప్పుతుంది. పెరటి పందిట్లోనే విస్తళ్ళు వేసినట్టన్న మాట!

ఇక పైసా ఖర్చు లేని ప్రయోగం ఒకటి. ఆటలోని అమరికల్లో తెర కొలతను 1,920 × 1,080 నుంచి 1,280 × 720కి తగ్గించండి. చుక్కలు 9,21,600 అవుతాయి, అంటే సగానికి తక్కువ. మునుపు ఆడినచోటే మళ్ళీ ఆడి, సెకండుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో రెండుసార్లూ రాసుకోండి. అంకె బాగా పెరిగితే, చాలనిది పొయ్యి. బయటి కార్డు పనికివస్తుంది. పెరగకపోతే, ఆలస్యం పెద్దమ్మగారి దగ్గర ఉన్నదన్న మాట. అప్పుడు ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా అది చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

ఇంకొకటి. లాప్‌టాప్ పక్కన ఉండే చిన్న కోలగా ఉన్న రంధ్రాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. కాని అన్నిటిలోనూ థండర్‌బోల్ట్ ఉండదు. పక్కన మెరుపు గుర్తు ఉన్నదేమో చూడండి. గుర్తు లేకపోతే, లాప్‌టాపుతో ఇచ్చిన పుస్తకం చదవండి. ఆ తరవాత, మీరు రాసుకున్న రెండు అంకెలూ నాన్నగారికి, అమ్మగారికి చూపించి, కొనాలో వద్దో అందరూ కలిసి నిర్ణయించుకోండి.