కంపెనీ కారు ఇస్తానంటే.. కాగితం, పెన్ను తీయండి

వరంగల్, హనుమకొండ కాలేజీల్లో చదివి ఉద్యోగాల వేటలో ఉన్న జఫర్‌గఢ్, స్టేషన్‌ ఘన్‌పూర్‌, పాలకుర్తి పిల్లలు ఆఫర్‌ లెటర్‌లో ముందుగా చూసేది ప్యాకేజీ అంకె. రెండోసారి చదివినప్పుడు కొందరికి ఇంకో మాట కంటపడుతుంది. అదే ‘కార్‌ లీజ్‌ సౌకర్యం’. కొన్ని కంపెనీల్లో ఇది ఒక గ్రేడ్‌ దాటిన వాళ్లకే ఉంటుంది. కొన్నింట్లో కొత్తగా చేరినవాళ్లూ తీసుకోవచ్చు. ఇక ఆ కబురు ఇంటికి చేరిందంటే ‘మా పిలగాడికి కంపెనీ కారిచ్చింది’ అని ఊరంతా చెప్పుకుంటారు.

ఆ సంతోషాన్ని కాదనను. కానీ ఒక్క మాట సూటిగా చెప్పాలి. మొదటి ఉద్యోగంలో చేరే చాలామందికి కంపెనీ కారు లాభం కాదు, ఖర్చు. ఎందుకో లెక్కతోనే చూద్దాం.

ఆ డబ్బు ఎవరిది?

కంపెనీ కారు రెండు రకాలు. మొదటిది డ్యూటీ కారు. పని కోసం కంపెనీ తన ఖర్చుతో ఇస్తుంది. ఇది ఎక్కువగా పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లకే వస్తుంది. రెండోది లీజు కారు. లీజింగ్‌ సంస్థ నుంచి కంపెనీ కారు తీసుకుని మీకు ఇస్తుంది. నెల నెలా అద్దెను మీ సీటీసీలోంచే కోస్తుంది. పెట్రోలు, సర్వీసింగ్‌ బిల్లులూ చాలాచోట్ల అందులోంచే పోతాయి. అంటే ఇక్కడ కారు ‘ఇచ్చేది’ మీ జీతమే. కంపెనీ మధ్యలో ఉండి ఇప్పిస్తుంది, అంతే.

మరి జనం దీన్ని ఎందుకు తీసుకుంటారు? పన్ను కోసం. అద్దెకు పోయే డబ్బు మీ చేతికి జీతంగా రాదు కాబట్టి దానిమీద మామూలుగా పడే పన్ను పడదు. దాని బదులు ప్రభుత్వం ఒక చిన్న మొత్తాన్ని మాత్రమే మీ ఆదాయంలో కలుపుతుంది. 2025-26 ఆర్థిక సంవత్సరానికి వర్తించిన నిబంధన ప్రకారం, కారును ఆఫీసు పనికీ సొంత పనికీ వాడుతూ ఖర్చులు కంపెనీ ద్వారా పోతుంటే, ఇంజిన్‌ 1.6 లీటర్ల లోపు ఉంటే నెలకు 1,800 రూపాయలు, అంతకు మించితే 2,400 రూపాయలు కలిపారు. డ్రైవర్‌ను కూడా ఇస్తే మరో 900. పూర్తిగా సొంతానికే వాడితే ఈ రాయితీ ఉండదు, అసలు ఖర్చంతా ఆదాయమే అవుతుంది.

ఇందులో ఓ విశేషం ఉంది. ఈ నిబంధన కారు ధర చూడదు, ఇంజిన్‌ సైజే చూస్తుంది. ఏడు లక్షల కారుకూ, ఇరవై లక్షల కారుకూ ఇంజిన్‌ 1.6 లీటర్లు దాటకపోతే అదే మొత్తం. అంటే ఖరీదైన కారు తీసుకునే పెద్ద జీతగాళ్లకే ఈ పద్ధతి ఎక్కువ మేలు చేస్తుంది.

మూడు జీతాలు, మూడు ఫలితాలు

ఇప్పుడు ముగ్గురు మిత్రులను ఊహించుకోండి. అందరిదీ 2025-26 నాటి కొత్త పన్ను విధానమే. సులువుగా ఉండటానికి పీఎఫ్‌ లాంటివి పక్కన పెడదాం.

మొదటి మిత్రుడి జీతం ఏడాదికి 6 లక్షలు. 75 వేల స్టాండర్డ్‌ డిడక్షన్‌ పోను 5.25 లక్షలు. 12 లక్షల వరకు పన్ను పడకుండా రిబేటు ఉంది కాబట్టి కారు తీసుకోకముందే ఇతని పన్ను సున్నా. నెలకు 13 వేల అద్దెతో చిన్న కారు తీసుకున్నాడనుకుందాం. ఏడాదికి 1.56 లక్షలు పోయాయి. పన్ను ఆదా? సున్నాలోంచి తగ్గించేది ఏముంటుంది! నెలకు 50 వేలు రావాల్సిన చోట 37 వేలే మిగిలాయి.

రెండో మిత్రుడి జీతం 14 లక్షలు. డిడక్షన్‌ పోను 13.25 లక్షలు. సెస్‌తో కలిపి పన్ను 81,900 రూపాయలు. ఇతనూ అదే 13 వేల కారు తీసుకుంటే 1.56 లక్షలు ఆదాయంలోంచి తగ్గి, ఏడాదికి 21,600 తిరిగి కలుస్తాయి. పన్ను లెక్కకొచ్చే ఆదాయం 11.9 లక్షలకు దిగుతుంది. 12 లక్షల గీత లోపలికి వచ్చేశాడు కాబట్టి పన్ను మొత్తం ఎగిరిపోతుంది. ముగ్గురిలో పెట్టిన ఖర్చుకు ఎక్కువ ఆదా పొందేది ఇతనే.

మూడో మిత్రుడి జీతం 20 లక్షలు. అద్దె 25 వేలు, పెట్రోలు, మెయింటెనెన్స్‌ 8 వేలు, మొత్తం నెలకు 33 వేలు కారుకు పోతాయి. ఏడాదికి 3.96 లక్షలు. ఆదా అయ్యే పన్ను సుమారు 75 వేలు. ఎలాగూ కారు కొనాలనుకున్న మనిషికి ఇది మంచి బేరమే. అవసరం లేకపోయినా పన్ను కోసమే తీసుకుంటే మాత్రం 75 వేల కోసం దాదాపు నాలుగు లక్షలు ఖర్చు పెట్టినట్టు.

ఫ్రెషర్లలో ఎక్కువమంది ఉండేది మొదటి మిత్రుడి వరుసలోనే. ప్రెజెంటేషన్లలో చూపించే లెక్కలు మాత్రం ఎక్కువగా మూడో మిత్రుడివి. మీది ఏ వరుసో ముందు తేల్చుకోండి. 2026 ఏప్రిల్‌ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. చేరే రోజుకు ఏ అంకెలు నడుస్తున్నాయో చూసి ఇదే పద్ధతిలో మళ్లీ లెక్క వేసుకోవాలి.

పెట్రోలా, డీజిలా, కరెంటా?

మన దగ్గర పెట్రోలు లీటరు 107 రూపాయలనుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు వచ్చే కారుకు కిలోమీటరు ఖర్చు ఏడు రూపాయలు దాటుతుంది. ఎలక్ట్రిక్‌ కారు ఒక యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు నడుస్తుంది. యూనిట్‌ 9 రూపాయలనుకున్నా కిలోమీటరుకు రూపాయిన్నరే. ఇది ఇంట్లో ఛార్జింగ్‌ పెడితేనే సుమా! రోడ్డు మీది ఫాస్ట్‌ ఛార్జర్ల దగ్గర యూనిట్‌ ధర రెట్టింపు దాకా పోతుంది.

ఎలక్ట్రిక్‌ కార్లకు తెలంగాణలో ఇంకో పెద్ద వెసులుబాటు ఉంది. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు ట్యాక్స్‌, రిజిస్ట్రేషన్‌ ఫీజు పూర్తిగా మినహాయింపు. పది నుంచి ఇరవై లక్షల మధ్య ధర ఉన్న పెట్రోలు కారును ఎవరైనా సొంతానికి కొంటే లైఫ్‌ ట్యాక్స్‌ పడుతుంది.  లీజింగ్‌ సంస్థ కారును తెలంగాణలో రిజిస్టర్‌ చేయిస్తుందా, ఈ మినహాయింపు మీ అద్దెలో కనిపిస్తుందా అన్నది అడిగి తెలుసుకోవాల్సిన విషయం. మరోవైపు 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. ఎలక్ట్రిక్‌కు అప్పటికే 5 శాతం. రెంటి మధ్య తేడా కొంత తగ్గింది కాబట్టి తక్కువ తిరిగేవాళ్లకు చిన్న పెట్రోలు కారు ఇప్పటికీ తీసిపారేసేది కాదు. డీజిల్‌ మాత్రం రోజూ దూరం తిరిగేవాళ్లకే. సిటీ ట్రాఫిక్‌లో నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపేస్తుంటే బీఎస్‌-6 డీజిల్‌ కార్ల పొగ ఫిల్టర్‌లో మసి పేరుకుని ఇబ్బంది పెడుతుంది. సీఎన్‌జీ చవకే కానీ డిక్కీలో సిలిండర్‌ ఉంటుంది. ఊరి నుంచి బియ్యం బస్తా తెచ్చుకునేవాళ్లు అది కూడా ఆలోచించుకోవాలి.

బ్రిటన్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగం చేస్తున్న సీనియర్లు ‘కంపెనీ ఈవీ తీసేసుకో’ అని సలహా ఇస్తుంటారు. అక్కడ అది నిజమే. 2025-26లో అక్కడ పూర్తి ఎలక్ట్రిక్‌ కారు ధరలో 3 శాతాన్నే ఉద్యోగి ఆదాయంగా చూశారు. ఎక్కువ పొగ వదిలే కార్లకు అది 37 శాతం దాకా ఉంటుంది. మన నిబంధన ఇంజిన్‌ సైజును చూస్తుందే తప్ప పొగను చూడదు. అక్కడి సలహాను ఇక్కడి జీతానికి అతికించొద్దు.

హాస్టల్‌ గల్లీలో పార్కింగ్‌ ఎక్కడ?

పన్ను కంటే, ఇంధనం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. హైదరాబాద్‌లో కొత్తగా చేరినవాళ్లు ఉండేది ఏ అమీర్‌పేటలోనో, మాదాపూర్‌లోనో హాస్టల్‌ గదిలో. అక్కడ బైకు పెట్టడానికే జాగా కోసం వెతుక్కోవాలి. ఇక ఛార్జింగ్‌ పాయింట్‌ మాటెక్కడ? ఆఫీసుకు మెట్రోలోనో, బస్సులోనో పోయేవాళ్లకు కారు వారమంతా దుమ్ము పట్టి ఉంటుంది. అద్దె మాత్రం ఆగదు.

ఇక ఊరి ప్రయాణం. హైదరాబాద్‌ నుంచి జఫర్‌గఢ్‌కు పోను రాను రెండున్నర వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. హైవే దిగాక లోపలి రోడ్లు, పొలం బాటలు. ఎలక్ట్రిక్‌ తీసుకుంటే ఇంటి దగ్గర 15 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగ్‌ ఉండాలి. మామూలు ఛార్జర్‌తో పెద్ద బ్యాటరీ నిండటానికి రాత్రంతా పడుతుంది. కరెంటు పోతే తెల్లారి బయల్దేరే ప్లాన్‌ తలకిందులవుతుంది. నెలకోసారి ఊరికొచ్చేవాళ్లకు ఘన్‌పూర్‌ దాకా రైలు, అక్కణ్నుంచి బస్సో ఆటోనో చాలు. అమ్మానాన్నలను ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన పని తరచూ ఉంటే అది వేరే లెక్క. అలాంటి ఇంటికి కారు నిజంగానే అవసరం.

ఉద్యోగం మారితే?

నన్ను అన్నింటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇదే. లీజులు సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లు ఉంటాయి. మొదటి ఉద్యోగంలో అంతకాలం ఉండేవాళ్లు ఎంతమంది? మధ్యలో మానేస్తే కారును మిగిలిన మొత్తం కట్టి కొనుక్కోవాలి, లేదా ముందస్తు ముగింపు ఛార్జీలు కట్టి అప్పగించాలి. ఫుల్‌ అండ్‌ ఫైనల్‌ సెటిల్‌మెంట్‌లోంచే కోసుకునే కంపెనీలూ ఉన్నాయి. మంచి ఆఫర్‌ వచ్చినా కారు లెక్క చూసుకుని ఆగిపోయే పరిస్థితి ఇరవై రెండేళ్ల వయసులో రాకూడదు. కెరీర్‌ మొదట్లో మీకున్న పెద్ద ఆస్తి కదలగలిగే స్వేచ్ఛే.

ఫీల్డ్‌ ఉద్యోగాల వాళ్లకు సంగతి కొంచెం వేరు. విత్తనాలు, పురుగుమందులు, మందుల కంపెనీల్లో జనగామ, మహబూబాబాద్‌, భూపాలపల్లి జిల్లాలు తిరిగే పనికి చేరేవాళ్లకు చాలాసార్లు కారు కాదు, కిలోమీటరుకు ఇంత అని భత్యం ఇస్తారు. అక్కడ అడగాల్సింది రేటు ఎంత, పెట్రోలు ధర పెరిగితే రేటూ పెరుగుతుందా, బిల్లులు ఎన్ని రోజుల్లో పాస్‌ అవుతాయి అని. ఏ రోజు ఎక్కడికి ఎన్ని కిలోమీటర్లు తిరిగారో లాగ్‌బుక్‌ రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. పన్ను అధికారికైనా, అకౌంట్స్‌ విభాగానికైనా చూపించాల్సింది అదే.

సంతకానికి ముందు హెచ్‌ఆర్‌ను అయిదు ప్రశ్నలు అడగండి. అద్దె సీటీసీలోంచా, సీటీసీకి అదనంగానా? దానివల్ల బేసిక్‌ తగ్గి పీఎఫ్‌, గ్రాట్యుటీ తగ్గుతాయా? అద్దె మీద జీఎస్టీ, ఇన్సూరెన్స్‌, సర్వీసింగ్‌ కలిపే చెబుతున్నారా? లీజు ముగిశాక కారు కొనుక్కోవాలంటే ఎంత కట్టాలి? ఏడాదిలో మానేస్తే ఎంత కట్టాలి? వీటికి జవాబులు మెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట రెండేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. జీతం మీది, సంతకం మీది. 12 లక్షల గీత దాటి, పార్కింగ్‌ ఉండి, మూడేళ్లు అక్కడే ఉంటానన్న నమ్మకం ఉంటే కారు తీసుకోండి, హాయిగా తిరగండి. ఆ మూడింట్లో ఒక్కటి లేకపోయినా, ఇప్పటికి వద్దని చెప్పండి. ప్యాకేజీ పెరిగాక కారు ఎప్పుడైనా వస్తుంది.