పంట పోయింది కౌలుదారుకు.. వాయిదా దక్కేది పట్టాదారుకు!

ద్రాక్షారామం: తుపాను వెళ్లిపోయాక రైతు ముందు రెండు లెక్కలు నిలుస్తాయి. చేలో మిగిలిన గింజ ఎంతన్నది ఒకటి, బ్యాంకులో బాకీ ఎంతన్నది రెండోది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథా తుపాను గోదావరి డెల్టాలో సార్వా వరిని నేలకు వాల్చింది. నాలుగైదు రోజులకు చేలల్లో నీరు తీసింది. బ్యాంకు పద్దులో అసలు మాత్రం అంగుళం కూడా తగ్గలేదు. ఇటువంటి సమయంలో రైతు కోరేది చాలా సందర్భాల్లో మాఫీ కాదు, గడువు. ఆ గడువు ఇచ్చేందుకు నిబంధనలు ఉన్నాయి. అయితే అవి చేలో నష్టపోయిన మనిషిని కాక, పద్దులో పేరున్న మనిషిని చూస్తాయి. కౌలు సాగు అధికంగా ఉన్న డెల్టాలో అసలు చిక్కు ఇదే.

మాఫీ వేరు.. వాయిదా వేరు

రుణ మాఫీ ప్రభుత్వ నిర్ణయం. 2008లో కేంద్రం ప్రకటించిన పథకంలో అయిదెకరాలలోపు రైతులకు అర్హమైన బకాయి పూర్తిగా రద్దయింది. అంతకు మించిన వారికి 75 శాతం చెల్లిస్తే మిగిలిన 25 శాతం తగ్గించారు. 2014లో రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర వరకు అయిదు విడతల్లో తీరుస్తామన్నది. చివరి విడతలు రైతులకు పూర్తిగా అందలేదు. మాఫీ వస్తుందన్న ఆశతో చెల్లింపులు ఆపివేసిన వారి ఖాతాల్లో వడ్డీ పెరిగిపోయింది. ఈ అనుభవం జిల్లాలో ఇంకా ఎవరూ మరచిపోలేదు.

రుణాన్ని తిరగరాయడం, అంటే రీషెడ్యూలు చేయడం, వేరే సంగతి. ఇందులో అసలులో పైసా తగ్గదు. చెల్లించే కాలం పెరుగుతుంది. రిజర్వు బ్యాంకు 2018 అక్టోబరులో విడుదల చేసిన ఆదేశాల ప్రకారం పంట నష్టం 33 శాతం దాటితే రెండేళ్ల వరకు, 50 శాతం దాటితే అయిదేళ్ల వరకు గడువు పొడిగించే వీలు కల్పించారు. ఆ ఆదేశాల్లో రెండింటికీ మొదటి ఏడాది చెల్లింపు లేదు. 2015కు ముందు నష్టం 50 శాతం ఉంటే తప్ప ఈ వెసులుబాటు వర్తించేది కాదు. తిరగరాసిన రైతుకు బాకీదారు ముద్ర పడదు, తదుపరి పంటకు కొత్త రుణం పొందే అర్హత ఉంటుంది. సార్వా పోయిన రైతు దాళ్వా వేయాలంటే ఈ రెండో వెసులుబాటే ప్రాణాధారం.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. విపత్తు సంభవించేనాటికే గడువు మీరిన ఖాతాలకు ఈ సౌకర్యం లేదు. అంటే అంతకు ముందు పంటకే దెబ్బతిని, అందరికంటే ఎక్కువ ఇబ్బందిలో ఉన్న రైతు మొదటి గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

లక్ష రూపాయల లెక్క

వాయిదా ఉచితం కాదు. లక్ష రూపాయల పంట రుణాన్ని ఏడాదిలో చెల్లిస్తే కేంద్ర వడ్డీ రాయితీలన్నీ పోను 4 శాతం, అంటే 4 వేల రూపాయల వడ్డీ పడుతుంది. అదే రుణాన్ని రీషెడ్యూలు చేస్తే సకాలంలో చెల్లించేవారికిచ్చే 3 శాతం ప్రోత్సాహకం సాధారణంగా పోతుంది. తీవ్ర విపత్తుగా గుర్తించిన సందర్భాలకు మాత్రమే మినహాయింపు. మొదటి ఏడాది 7 వేలు, రెండో ఏడాది నుంచి బ్యాంకు మామూలు రేటు. అది 9 శాతమనుకుంటే రెండేళ్లకు వడ్డీ 16 వేలు. ఈ సంగతి ముందుగా తెలియక, రీషెడ్యూలంటే వడ్డీ ఆగిపోతుందని భ్రమపడి తరువాత బ్యాంకు సిబ్బందితో తగవు పడే వారు అనేకులు.

అదే లక్షను బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24 వేలు. రెండేళ్లకు 48 వేలు. పద్దులో పేరున్న వానికీ లేనివానికీ నడుమ తేడా ఈ 32 వేల రూపాయలు.

పద్దులో ఒకరు.. చేలో ఒకరు

కాకినాడ - కోటిపల్లి రైలుమార్గానికి ఇరువైపులా, ద్రాక్షారామం, వేగాయమ్మపేట పరిసరాల్లోనూ, గౌతమికి ఆవల అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లోనూ వరి సాగులో కౌలుదార్ల పాత్ర పెద్దది. కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని నోటిమాటగా కుదురుతుంది. పట్టాదారు పాసు పుస్తకం పెట్టి పంట రుణం తీసుకునేది భూ యజమాని. నాట్లు, ఎరువులు, కోత ఖర్చులు భరించేది కౌలుదారు. తుపాను వస్తే మొదటివాని రుణానికి వాయిదా వస్తుంది. రెండోవాని అప్పు ఎరువుల దుకాణంలోనో, కమీషను వ్యాపారి దగ్గరో, ఇంటి ఇల్లాలి నగలు తాకట్టు పెట్టిన చోటో ఉంటుంది. నగల అప్పుకు గడువు తీరితే కనీసం వడ్డీ కట్టనిదే తిరగరాయరు. కట్టలేకపోతే వేలం నోటీసు వస్తుంది.

ఈ లోపాన్ని సరిదిద్దేందుకు చట్టాలు రాకపోలేదు. 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి దేశం దృష్టిని ఆకర్షించిన సంవత్సరం కూడా అదే. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం దాని స్థానంలోకి వచ్చింది. 11 నెలల ఒప్పందంపై హక్కు పత్రం ఇస్తారు గానీ యజమాని సంతకం కావాలి. సంతకం చేస్తే భూమి చేజారుతుందేమోనని యజమానులకు భయం. చట్టంలో అటువంటి ప్రమాదం లేదని అధికారులు ఎన్నిసార్లు చెప్పినా ఆ భయం పోలేదు. పత్రం చేతికొచ్చినా, అదే సర్వే నంబరుపై యజమాని అప్పటికే రుణం తీసుకుని ఉంటే బ్యాంకు రెండోసారి ఇవ్వదు.

చిత్రమేమిటంటే ఎవరు సాగు చేశారో ప్రభుత్వానికి తెలియకపోలేదు. ఈ-పంటలో సాగుదారు పేరు నమోదవుతుంది. పెట్టుబడి రాయితీకి ఆధారం అదే. ఒకే చేను, ఒకే తుపాను. రాయితీకి ఒక జాబితా, రుణ వాయిదాకు వేరొక జాబితా.

1938లో ఏం చేశారు?

ప్రైవేటు అప్పుల విషయంలో ప్రభుత్వం కలుగజేసుకోలేదనడం సరికాదు. ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్నపుడు, రాజగోపాలాచారి ప్రధానమంత్రిగా ఉండగా 1938లో వచ్చిన వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం అప్పులను నేరుగా తగ్గించింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన బాకీలపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ యావత్తూ రద్దయింది. అసలుకు రెట్టింపు అప్పటికే చెల్లించి ఉంటే బాకీ తీరినట్లే. ధరలు పడిపోయిన మాంద్యం రోజులవి. నోటు రాసిచ్చిన రైతుకు, బ్యాంకు ముఖం చూడని వానికి సైతం, అది వర్తించింది. కేరళ 2006లో, తెలంగాణ 2016లో రుణ విమోచన కమిషన్ల కోసం చట్టాలు చేశాయి. అప్పు ఇచ్చినవానినీ తీసుకున్నవానినీ ఒకచోట కూర్చోబెట్టే వేదిక ఒకటుండాలన్నది వాటి ఉద్దేశం. డెల్టా గ్రామాల్లో ఈ పని ఇప్పటికీ పెద్దమనుషులే చేస్తుంటారు. వారి తీర్పు చాలాసార్లు అప్పిచ్చినవాని అరుగు మీదే జరుగుతుంది.

అడిగే వేళ ఏది?

పద్దులో పేరున్న రైతు చేయదగిన పని మాత్రం ఉంది. గడువు తీరక ముందే బ్యాంకుకు లేదా సొసైటీకి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకోవాలి. విపత్తు ప్రకటన వెలువడిన తరువాత రీషెడ్యూలు ప్రక్రియకు 2018 ఆదేశాలు ఇచ్చిన వ్యవధి మూడు నెలలు మాత్రమే. కొత్త వాయిదాల పట్టిక, ఏ ఏడాది ఎంత వడ్డీ అన్నది కాగితంపై తీసుకోవాలి. మేనేజరు నోటిమాట ఆయన బదిలీతో పాటే వెళ్లిపోతుంది.

ఖాతా మొండిబాకీగా మారిన తరువాత మిగిలేది ఒకే విడత పరిష్కారం. అక్కడ వడ్డీలోనూ, కొన్నిసార్లు అసలులోనూ తగ్గింపు దొరుకుతుంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు, కోర్టు రుసుము తిరిగి వస్తుంది. కానీ పరపతి నివేదికలో ‘పరిష్కారమైన ఖాతా’ అన్న మాట మిగిలిపోతుంది. తరువాత రుణానికి వెళ్లినపుడు అది అడ్డుపడుతుంది. అందుచేత వచ్చే పంటకు బ్యాంకు అవసరం ఉన్న రైతు తగ్గింపు కంటే గడువునే కోరుకోవడం లాభం. సాగు మానుకున్నవానికి తగ్గింపు మేలు.

కౌలుదారుకు ఈ రెండూ లేవు. ఈ-పంట జాబితాను, బ్యాంకుల రుణ జాబితాను పక్కపక్కన పెట్టి చూస్తే ఏ సర్వే నంబరులో నష్టం ఎవరిదో, వాయిదా ఎవరికి వెళ్తోందో ఒక పూటలో తేలిపోతుంది. తుపాను తరువాత జిల్లా స్థాయిలో జరిగే బ్యాంకర్ల సమావేశంలో చేయదగిన పని అది.